కార్డు యంత్రం – మొక్కుబడి

అన్నదాన విరాళాల కౌంటరులో సేవ చేసే నన్ను భక్తులు తరచుగా అడుగుతుంటారు: “ఈ యంత్రంలో కార్డు పెడితే సొమ్ము స్వామివారికే చేరుతుందా?” తప్పక చేరుతుంది. పిన్ నొక్కగానే యంత్రం తనలోని సిమ్ ద్వారా దేవస్థానం బ్యాంకుకు సమాచారం పంపుతుంది. ఆ బ్యాంకు రూపే వంటి కార్డు వ్యవస్థ ద్వారా భక్తుని బ్యాంకు అనుమతి కోరుతుంది. అనుమతి లభిస్తే చీటీ వస్తుంది. ఇదంతా కొన్ని క్షణాల పని. సొమ్ము దేవస్థానం ఖాతాలో జమ కావడానికి మాత్రం సాధారణంగా మరుసటి పనిదినం వరకు పడుతుంది.

ఒకనాడు మధ్యలో సిగ్నలు తెగిపోయింది. మొక్కు చెల్లించ వచ్చిన వృద్ధురాలి ఖాతాలో సొమ్ము తగ్గినట్లు ఫోనుకు సందేశం వచ్చింది. యంత్రం మాత్రం చెల్లింపు విఫలమైనట్లు చూపింది. “మళ్ళీ కట్టండమ్మా” అన్నాను. మొక్కు తప్పుతుందన్న భయంతో ఆమె తిరుగు ప్రయాణానికి దాచుకున్న నగదు ఇచ్చి వెళ్ళారు. నా తొందరపాటు నేటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

భారతీయ రిజర్వు బ్యాంకు 2019లో జారీ చేసిన నిబంధన ప్రకారం ఇటువంటి సొమ్ము లావాదేవీ జరిగిన నాటి నుండి 5 రోజులలోగా ఖాతాదారునికి తిరిగి చేరాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం లభిస్తుంది. కనుక చీటీని, సందేశాన్ని భద్రపరచుకోండి. వెంటనే రెండవసారి చెల్లించకండి. గడువు దాటితే మీ బ్యాంకును సంప్రదించండి.

యంత్రం ఆగినంత మాత్రాన మొక్కు ఆగదు. కార్డు లేని వారికి హుండీ ఎప్పుడూ ఉంది. సంకల్పం చెప్పుకున్న క్షణమే స్వామి ఆలకించాడని ఇప్పుడు ప్రతి భక్తునికీ ముందుగా చెబుతున్నాను.