వలపు వల కాదు, వైర్‌లెస్ పెట్టె

ఆడ గూఢచారి అనగానే మనకు సినిమా బొమ్మే గుర్తొస్తుంది. క్లబ్బులో డాన్సు, చేతిలో గ్లాసు, దిండు కింద పిస్తోలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో పనిచేసిన స్త్రీల బతుకుల్లో ఈ బొమ్మ ఎక్కడా ఇమడదు.

అపోహ: అందమే వాళ్ళ ఆయుధం.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలపుటమ్మ మొదటి ప్రపంచయుద్ధం నాటి నర్తకి మాతాహరి. గూఢచర్యం నేరం మీద ఆమెను 1917 అక్టోబరు 15న ఫ్రాన్సు కాల్చి చంపింది. ఆమె వల్ల దేశానికి ఇంత నష్టం జరిగిందని చూపే గట్టి రుజువు మాత్రం విచారణలో బయటికి రాలేదు. తర్వాతి యుద్ధంలో బ్రిటన్ రహస్య సంస్థ ఎస్.ఓ.ఇ. ఫ్రాన్సు విభాగం 39 మంది స్త్రీలను శత్రువు గుప్పిట్లో ఉన్న ఆ దేశంలోకి దింపింది. వయసులో ఉన్న మగవాళ్ళను జర్మనీ ఫ్యాక్టరీలకు తోలుకుపోతున్న రోజులవి. సైకిలుకు కూరల బుట్ట తగిలించుకుని పోయే ఆడమనిషిని ఆపి అడిగేవాళ్ళు తక్కువ. అందువల్లే స్త్రీలను పంపారు. నలుగురూ తిరిగి చూసే అందం ఈ పనికి అడ్డమే. అన్నట్టు, జర్మన్ రహస్య పోలీసులు గెస్టపో గాలించిన అమెరికన్ వర్జీనియా హాల్‌కు ఒక కాలు చెక్కది. ఆ కాలితోనే 1942 నవంబరులో మంచులో పిరనీస్ కొండలు దాటి తప్పించుకుంది.

అపోహ: నడిపింది మగవాళ్ళు, వీళ్ళు ఉత్తరాలు మోశారు.

వాస్తవం: ఫ్రెంచి గూఢచారి దళం 'అలయన్స్' నాయకుడు 1941లో పట్టుబడ్డాక పగ్గాలు అందుకున్నది మరీ మాడలిన్ ఫూర్కాద్. ఇద్దరు బిడ్డల తల్లి. దళపతి ఆడమనిషి అని బ్రిటిష్ వాళ్ళకు మొదట తెలియదు, ఆమె చెప్పనూ లేదు. వాళ్ళను కలవడానికి తపాలా సంచిలో ముడుచుకుని, కారులో స్పెయిన్ సరిహద్దు దాటింది. ఆమె కింద సుమారు 3,000 మంది పనిచేశారు. అందరికీ మారుపేర్లుగా జంతువుల, పక్షుల పేర్లే. జర్మన్లు ఆ దళానికి 'నోవహు ఓడ' అని పేరు పెట్టారు. ఆమె తన కోసం ఎంచుకున్న పేరు ముళ్ళపంది. జర్మన్ల రహస్య రాకెట్ల గురించి కీలక సమాచారం 1943లో ఈ దళం ద్వారా లండన్ చేరింది. దాన్ని సేకరించింది జెన్నీ రూసో అనే యువతి, జర్మన్ అధికారుల గొప్పలు ఓపిగ్గా విని.

అపోహ: నూర్ ఇనాయత్ ఖాన్ నోరు విప్పలేదు, కాబట్టి జర్మన్లకు ఏమీ దక్కలేదు.

వాస్తవం: సగమే నిజం. టిప్పు సుల్తాను వంశంలో పుట్టిన నూర్ 1943 జూన్‌లో వైర్‌లెస్ ఆపరేటరుగా ఫ్రాన్సులో దిగింది. కొద్ది రోజుల్లోనే తోటివాళ్ళలో చాలామంది పట్టుబడ్డారు. తిరిగి వచ్చెయ్యమంటే రానంది. పెట్టె మోసుకుంటూ, ఇళ్ళు మారుతూ అక్టోబరు దాకా నెట్టుకొచ్చింది. అయితే పంపిన సందేశాల నకళ్ళు నోటుపుస్తకంలో దాచుకుంది. ఆమె పట్టుబడినప్పుడు అవి జర్మన్ల చేతిలో పడ్డాయి. వాటితో ఆమె పేరనే లండన్‌కు దొంగ సందేశాలు పంపారు. ఈ పొరపాటును దాచిపెడితేనే ఆమె గొప్పది అవుతుందని నేననుకోను. చెరలోంచి పారిపోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. నెలల తరబడి సంకెళ్ళలో ఉంది. 1944 సెప్టెంబరు 13న దాఖావ్ నాజీ నిర్బంధ శిబిరంలో ఆమెను చంపేశారు.

ఎస్.ఓ.ఇ. దింపిన ఆ 39 మందిలో 13 మంది ఇల్లు చేరలేదు.

అపోహ: యుద్ధం ముగిశాక అందరికీ తగిన గౌరవం దక్కింది.

వాస్తవం: తన నాయకుడు అరెస్టయ్యాక వెయ్యిమందికి పైగా సాయుధులను నడిపిన ఎస్.ఓ.ఇ. గూఢచారి పెర్ల్ విదరింగ్టన్‌కు బ్రిటన్ పౌర పతకం ఇవ్వబోయింది. తాను చేసింది పౌర ఉద్యోగం కాదని ఆమె తిప్పి పంపింది. పారాచూట్ బ్యాడ్జి కూడా ఇవ్వలేదు. అయిదుసార్లు దూకితేనే ఇచ్చేవారట. శిక్షణలో మగవాళ్ళ చేత నాలుగుసార్లు దూకించినవాళ్ళు, ఆడవాళ్ళ చేత మూడుసార్లే దూకించారు. ఫ్రాన్సులోకి దూకినదానితో కలిపినా ఆమెవి నాలుగే. ఆ బ్యాడ్జి ఆమెకు 2006లో ఇచ్చారు.