పాత అమెరికన్ కారు కొనాలా? ‘కొన్నవాణ్ణి అడగండి!’

నిజాం నవాబుల గ్యారేజి నేర్పుతున్న పాఠం

హైదరాబాదు పాతబస్తీ: పాతకాలపు అమెరికన్ కారు చూడ్డానికి ఎంత సొంపుగా ఉంటుందో, దాన్ని ఇంట్లో పెట్టుకొని సాకడం అంత కష్టం. ఈ సంగతి పాతబస్తీకి తెలిసినంతగా మరో చోటికి తెలియదేమో. ఒకనాడు వందల కార్లున్న నిజాం ఇంటికే వాటి పోషణ తలకు మించిన భారమైంది.

పెళ్లి ఊరేగింపులో పూలదండలు వేసుకొని, మెరుగు బంపర్లతో నిదానంగా కదిలే పొడవాటి కారును చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కుర్రకారుకైతే ‘మనమూ ఒకటి కొంటే పోలా’ అనిపించడం సహజం. అమ్మేవాడు కూడా ‘ఇది నిజాం వాడిన బండి’ అని ఒక మాట కలిపితే ఇక చెప్పనక్కరలేదు. అలాంటివారు బయానా ఇచ్చేముందు తెలుసుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి.

పురానీ హవేలీలో ప్యాకర్డ్

చార్మినారుకు ఈశాన్యంగా, మీరాలం మండీకి దగ్గరలో పురానీ హవేలీ ఉన్నది. 6వ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దుస్తులు దాచిన పొడవాటి చెక్క బీరువా ఇక్కడిదే. 2000లో ఇక్కడ నిజాం మ్యూజియం తెరిచారు. 7వ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలతోపాటు కొన్ని కార్లను కూడా ఇక్కడ ప్రదర్శనకు పెట్టారు. వాటిలో ఒకటి అమెరికాలో తయారైన ప్యాకర్డ్.

ప్యాకర్డ్ అంటే నేటి తరానికి తెలియదు. కాని ఒకప్పుడు అమెరికాలో కలవారి కారు అదే. 1899లో ఓహాయో రాష్ట్రంలోని వారెన్ పట్టణంలో మొదలైన ఆ కంపెనీ 1903లో డెట్రాయిట్‌కు మారింది. 1921లో అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణం చేయడానికి హార్డింగ్ వెళ్లింది ప్యాకర్డ్‌లోనే. ప్రమాణ స్వీకారానికి కారులో వెళ్లిన మొట్టమొదటి అధ్యక్షుడు ఆయనే కావడం విశేషం.

ఆ కంపెనీ ప్రకటనల్లో చాలా ఏళ్లపాటు ఒకటే మాట ఉండేది. ‘కొన్నవాణ్ణి అడగండి’ అని దాని భావం. మా గొప్ప మేం చెప్పుకోం, మా కారు కొన్నవాడే చెబుతాడని వారి ధీమా. అయితే 1954లో ప్యాకర్డ్ స్టూడీబేకర్ కంపెనీతో కలిసిపోయింది. 1958తో ఆ పేరుగల కార్ల తయారీయే ఆగిపోయింది. ఇప్పుడు అడగాలన్నా కంపెనీ లేదు. మిగిలింది కొన్నవాళ్లే.

ఊరికే వచ్చినా బరువే

పాతబస్తీలో కార్లు ‘కొన్నవాళ్ల’ కథ చిత్రమైనది. 7వ నిజాం పొదుపరితనం గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆయనకు ఎవరిదైనా మంచి కారు కంటపడితే, దాన్ని కానుకగా స్వీకరించడానికి ప్రభువులకు ఇష్టమేనని యజమానికి కబురు వెళ్లేదట. ఆ విధంగా 1947 నాటికి వాడకంలో లేని వందలాది కార్లు పోగుపడ్డాయని లారీ కాలిన్స్, డొమినిక్ లాపియెర్ తమ ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ గ్రంథంలో రాశారు.

పైసా ఖర్చు లేకుండా వచ్చిన కార్లు లాభమే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు తరువాత తెలిసింది. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. మనుమడు ముకరంజా గద్దెకు వారసుడయ్యారు. అప్పటికి గ్యారేజిలో 60 కార్లున్నాయనీ, పెట్రోలుకూ విడిభాగాలకూ ఏటా 45 వేల పౌండ్ల ఖర్చు చూపేవారనీ, నడిచే కార్లు మాత్రం నాలుగేననీ చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాశారు. పట్టాభిషేకం తరువాత కొత్త నిజామును తీసుకువెళ్లవలసిన కారే దారిలో మొరాయించిందని కూడా ఆయన పేర్కొన్నారు.

ముకరంజాకు యంత్రాలంటే ప్రాణం. తరువాత ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొని, అక్కడ తన చేతులతో బుల్‌డోజర్లు నడిపారు. ఇంజన్ల మీద అంత ఇష్టమున్న మనిషికే తాతగారి కార్లు సంపదగా మిగలలేదు. కారు విలువ కొన్న ధరలో లేదు, సాకే శక్తిలో ఉన్నదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

సాకగలిగితే ఎలా ఉంటుందో చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. 6వ నిజాం తెప్పించుకోవాలనుకొని, బండి రాకముందే 1911లో కన్నుమూసిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ అక్కడ ఉన్నది. అది ఇంగ్లండు బండి. సింహాసనంలాంటి వెనుక సీటుతో నేటికీ తళతళలాడుతున్నది. ఆ పునరుద్ధరణ వెనుక ఒక సంస్థానం కుటుంబపు డబ్బు, నిపుణులు, భద్రమైన కొట్టు ఉన్నాయని మరువరాదు.

ఇవి మన దేశానికి ఎలా వచ్చాయి?

అమెరికన్ కార్లన్నీ ఓడలో తయారుగా దిగినవి కావు. జనరల్ మోటార్స్ కంపెనీ 1928 నుంచి బొంబాయిలో షెవ్రొలే, బ్యూక్ వంటి కార్లను విడిభాగాలుగా తెచ్చి బిగించేది. ఫోర్డ్ కూడా అదే పని చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, భాగాలు ఇక్కడే తయారు చేయాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దాంతో 1954 నాటికి ఆ రెండు కంపెనీలూ మూట కట్టాయి. ఆ తరువాత కొత్త అమెరికన్ కారు మన రోడ్డు మీదికి రావడం గగనమైంది. ఉన్నవాటినే అతుకులు వేసుకుంటూ దశాబ్దాల తరబడి నడిపారు. కాబట్టి ఈనాడు అమ్మకానికి వచ్చే బండిలో అసలు భాగమెంత, అతుకు ఎంత అన్నది మొదటి ప్రశ్న.

మేత లెక్క వేసుకోవాలి

ఎద్దును కొనేముందు గడ్డి ఉన్నదా లేదా అని రైతు చూసుకుంటాడు. కారుకూ అంతే. పెద్ద అమెరికన్ ఇంజను లీటరు పెట్రోలుకు నాలుగైదు కిలోమీటర్లకు మించి ఇవ్వదు. నగరానికి 100 కిలోమీటర్ల దూరంలోని ఊరినుంచి వచ్చి వెళ్లాలంటే 50 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయల లెక్కన చూసినా ఒక్క ప్రయాణానికి 5 వేల రూపాయలు.

ఇంకొక చిక్కు పెట్రోలులోనే ఉన్నది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. ఆనాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు దీనికోసం చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు తుప్పు పడుతుంది. గొట్టాలు మెత్తబడి పెట్రోలు కారితే నిప్పు ప్రమాదం కూడా ఉన్నది.

కరెంటు పని మరొక తంటా. చాలా పాత అమెరికన్ కార్లకు 12 వోల్టుల బ్యాటరీ కాదు, 6 వోల్టులది ఉండాలి. ప్యాకర్డ్ వంటి కొన్నిటిలో ప్లస్ తీగనే బాడీకి కలుపుతారు. తెలియని మెకానిక్కు మామూలు అలవాటుతో తగిలిస్తే బల్బులు, గేజీలు మాడిపోతాయి.

ఇక సైజు సంగతి. 1959 కాడిలాక్ కారు పొడవు 5.7 మీటర్లు. మనకు బాగా తెలిసిన అంబాసిడర్ 4.3 మీటర్లే. పాతబస్తీ గల్లీలో దాన్ని తిప్పడం సంగతి అటుంచి, పల్లెలో మామూలు రేకుల కొట్టంలో పెడితే డిక్కీ వానలో తడుస్తుంది.

సంతలో ఎద్దును చూసినట్టు

గొడ్ల సంతలో పళ్లు చూడకుండా, నాలుగడుగులు నడిపించకుండా ఎవరూ బేరం చేయరు. కారు దగ్గర మాత్రం రంగు చూసి మోసపోయేవారు ఎక్కువ. ఈ కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద అక్కడక్కడ ఆనించి చూడాలి. ఇనుప రేకుకు అతుక్కుంటుంది, పుట్టీ పూసిన చోట జారిపోతుంది. తలుపుల అడుగుభాగం, డిక్కీ లోపలి మూలలు, స్టెప్నీ పెట్టే గుంత చేత్తో తడిమితే తుప్పు తెలుస్తుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మనం వెళ్లేసరికే బానెట్టు వేడిగా ఉన్నదంటే అనుమానించాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. బోరింగు, పిస్టన్ల పని తప్పదు. కొలతకు సరిపడే పిస్టన్లు ఇక్కడి బజారులో దొరకవు. అమెరికానుంచి తెప్పించాలి, లేదా లేతు మిషను మీద చేయించాలి. రెండూ ఖరీదైన పనులే.

మెరుగు బంపర్లు, గుండ్రటి అద్దాలు, మీటర్లు, తలుపు పిడులు ఉన్నవో లేవో ఒక్కొక్కటిగా లెక్క పెట్టాలి. ఇంజను బాగు చేయించడం కన్నా పోయిన అద్దం వెతకడమే ఒక్కోసారి కష్టమవుతుంది. ముందుగా, ఆ రకం కారును నడుపుతున్న మరొక యజమానిని కలిసి ఏడాది ఖర్చు ఎంతో అడగడం మంచిది. ప్యాకర్డ్ కంపెనీ చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది.

కాగితం లేని బండి జోలికి పోరాదు

అన్నింటికన్నా ముఖ్యం ఆర్.సి. పుస్తకం. అందులోని ఇంజను నంబరు, చాసీ నంబరు బండి మీద చెక్కిన నంబర్లతో సరిపోవాలి. యజమాని చనిపోయి ఉంటే, ముందు వారసుల పేరుకు మార్పించాలి. దానికి ఫారం 31 ఉన్నది. అన్నదమ్ముల్లో ఒకడే సంతకం చేసి అమ్మితే తరువాత కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. ‘నిజాం బండి’ అన్న మాటకు కూడా కాగితమే సాక్ష్యం. అది లేకుంటే ఆ మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా నమోదుకు 20 వేల రూపాయలు, తిరిగి నమోదుకు 5 వేల రూపాయల రుసుము పెట్టారు. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. కొత్త నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలు ఉంటాయి. ఇదివరకే నమోదైన బండికి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు.

అయితే ఈ రకం నమోదు బండిని రోజువారీగా రోడ్డు మీద నడపరాదు, బాడుగకు తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. పెళ్లిళ్లకు బాడుగకిచ్చి పెట్టుబడి రాబట్టుకుందామని లెక్కలు వేసేవారు ఈ షరతును ముఖ్యంగా గమనించాలి.

విదేశం నుంచి తెప్పించుకోవడానికి 2025లో కొంత సడలింపు వచ్చింది. అంతకుముందు 1950కి ముందు తయారైన బండ్లకే అనుమతి ఉండేది. ఇప్పుడు 50 ఏళ్లు దాటినవాటికి దారి దొరికింది. కాని సుంకాలన్నీ కలిపితే అసలు ధరను మించిపోతాయి. అమెరికాలో కొన్న కారుకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఎదురు బండిని దాటించి పోవడం ప్రమాదకరం. సరిగా పనిచేసే సిగ్నల్ పరికరం లేకుండా అటువంటి బండిని నడపరాదని 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెబుతున్నది.

అమ్మబోతే అడవి

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత ఈ కార్లకు సరిగ్గా సరిపోతుంది. కొనేటప్పుడు అపురూపం అంటారు. అమ్మేటప్పుడు పాత ఇనుము అంటారు. అందుకే అప్పు చేసిగాని, చేను అమ్మిగాని, పిల్లల చదువు డబ్బు తీసిగాని వీటిని కొనడం మంచిది కాదు. పోయినా ఇల్లు కుంగదు అనుకునే సొమ్ము ఉంటేనే దిగాలి. కొన్న ధరతోపాటు బాగు చేయించడానికీ, మొదటి మూడేళ్ల పోషణకూ డబ్బు విడిగా తీసి పెట్టుకోవాలి.

జిల్లాల్లో పాత గడీల్లో, షావుకార్ల కొట్టాల్లో ఎక్కడైనా తాతలనాటి కారు మూలన పడి ఉంటే, ఆ ఇంటివారికి ఇది తలకిందులుగా వర్తిస్తుంది. తూకం లెక్కన ఇనుప కొట్టుకు వేయకముందు ఆర్.సి. పుస్తకం వెతకాలి. చాసీ నంబరు రాసుకోవాలి. ఊడిన అద్దాలు, పిడులు, చక్రాల మూతలు ఒక పెట్టెలో దాచాలి. బండిని వాన తడవని చోటికి జరపాలి. ఇంటికి వచ్చిన దళారీ చెప్పిన మొదటి ధరకు తల ఊపకుండా ఇద్దరు ముగ్గురిని విచారించాలి.

కొనాలన్న కోరిక బలంగా ఉన్నవారు ఒక పని చేయవచ్చు. నగరానికి వచ్చినప్పుడు మహాత్మాగాంధీ బస్టాండులో దిగి, మూసీ దాటి పురానీ హవేలీకి వెళ్లాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ ప్యాకర్డ్ ముందు కాసేపు నిలబడి, ఇంటి కొట్టాన్నీ ఏటి రాబడినీ గుర్తు చేసుకోవాలి. టికెట్టు డబ్బుతో తీరే ముచ్చటా, ఏళ్ల తరబడి మోయగల బరువా అన్నది అప్పుడు ఎవరికి వారే తేల్చుకోవచ్చు.