రంజాను పండుగ – పంచాయతీల కర్తవ్యము

గోదావరి తీరమందలి మంచిర్యాల ప్రాంతము బొగ్గుగనుల సీమ. శ్రీరాంపురము, మందమర్రి, బెల్లంపల్లి మొదలైన చోట్ల అన్ని మతములవారు ఒకే గనిలో దిగి పనిచేయుచున్నారు; ఇరుగుపొరుగున నివసించుచున్నారు. అట్టివారిలో ఒకరి పండుగను గురించి మరొకరు తెలిసికొనుట అవసరము. కావున రంజాను పండుగను గూర్చి పంచాయతీ సభ్యులకు కొన్ని విషయములు మనవి చేయుచున్నాము.

హిజ్రీ సంవత్సరమున తొమ్మిదవ నెల రంజాను. ఈ నెలయంతయు ముస్లిములు తెల్లవారకమునుపే సహరీ భుజించి, సూర్యాస్తమయము వరకు అన్నపానీయములు ముట్టక, పిమ్మట ఖర్జూరముతోనో నీటితోనో ఉపవాసము విరమింతురు. రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు కలదు. నెల ముగిసి నెలవంక కనిపించిన మరునాడు పండుగ.

మన పంచాంగమునందు వలె హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు. అందువలన ఈ పండుగ ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చినది. దాదాపు 33 ఏండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును.

ఈ పండుగకు ప్రాణము దానము. కలిగినవారు ఏడాది నిలువయున్న సొమ్ములో నూటికి రెండున్నర వంతు జకాతుగా ఇత్తురు. పండుగనాటి దానము ఫిత్రా. ఇంటిలో పసిబిడ్డతో సహా ఒక్కొక్కరికి ఇంతయని లెక్కగట్టి, ధాన్యముగాగాని వెలగాగాని నమాజునకు ముందే పేదలకు చేర్చవలెను. ఆనాడు ఏ ఇంటను పొయ్యి వెలుగకుండరాదనుటయే దీని భావము.

ఉదయమున స్నానము చేసి, మంచి వస్త్రములు ధరించి, తీపి తిని ఈద్గాకు పోవుదురు. ఈ నమాజునకు అజాన్ ఉండదు. నమాజు పిమ్మట ఇమాము ఖుత్బా చదువును. అనంతరము ఒకరినొకరు అలయ్ బలయ్ చేసికొందురు. పిల్లలకు ఈదీ ఇత్తురు. పాలు, సేమ్యాలు, ఖర్జూరములతో వండిన షీర్ ఖుర్మాను ఇరుగుపొరుగులకు పంచుదురు. పలువురు శ్మశానమునకు పోయి పెద్దలను స్మరింతురు.

నెలవంకను బట్టి పండుగ ఒకదినము అటునిటు కావచ్చును. కనుక పంచాయతీలు రెండుదినములు ముందుగనే సిద్ధము కావలెను. ఈద్గాకు ఒక దారిన పోయి మరొక దారిన వచ్చుట ఆచారము. రెండు దారులను, శ్మశానపు బాటను శుభ్రము చేయింపవలెను. ఈద్గావద్ద నీరు, వేసవియైనచో నీడ కల్పింపవలెను. తెల్లవారుజామున సహరీవేళకు వీధికుళాయిలలో నీరు అందునట్లు నెలపొడుగున చూడవలెను. ఖర్చు స్వల్పము, దానివలన గ్రామమున నెలకొను సౌహార్దము గొప్పది. సభ్యులు మసీదు పెద్దలతో ముందుగనే కూర్చుండి ఈ పనులు నిర్ణయించుకొందురని ఆశించుచున్నాము.