గొట్టమునకు ముందు మూడు నిమిషములు

2021వ సంవత్సరము మే మాసమున చెన్నపురి ప్రజలకు ప్రాణవాయువు విలువ ప్రత్యక్షముగా తెలియవచ్చినది. ఆ నెల 14వ తేదీన ద్రవరూపమున ప్రాణవాయువును మోసికొని తొలి రైలు దుర్గాపురమునుండి నగరమునకు చేరినది. అయితే వైద్యశాలలో ప్రాణవాయువు నిలువయుండుట వేరు, రోగి శరీరములో నిలువయుండుట వేరు. విషమస్థితిలో నున్న రోగి శ్వాసనాళములో గొట్టము అమర్చుటకు ముందు వైద్యులు సమకూర్చునది ఈ రెండవ నిలువయే.

గొట్టము అమర్చుటకై రోగికి నిద్రమందును, కండరములను సడలించు మందును ఇత్తురు. అంతటితో అతని ఊపిరి ఆగును. యంత్రము శ్వాసను అందుకొను వరకు ఊపిరితిత్తులలో మిగిలిన వాయువే ప్రధానాధారము.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. ప్రాణవాయువు 21 పాళ్లు మాత్రమే. ఆరోగ్యవంతుడు ఊపిరి విడిచిన పిమ్మట లోపల సుమారు రెండున్నర లీటర్ల వాయువు మిగులును. అందు ప్రాణవాయువు అర లీటరునకు లోపే. శరీరమునకు నిమిషమునకు పావు లీటరు కావలయును. కనుక ఆ నిలువ రెండు నిమిషములకైనను చాలదు. శుద్ధ ప్రాణవాయువును మూడు నిమిషములు పీల్చినచో నత్రజని వెడలిపోయి, ఆ చోటును ప్రాణవాయువు నింపును. అప్పుడు గడువు సుమారు ఎనిమిది నిమిషములకు పెరుగును.

విషమరోగికి ఇంతటి గడువు దొరకదు. వాయుగోళములు కొన్ని నీటితో నిండియుండును, కొన్ని ముడుచుకొనియుండును, గాదె చిన్నదగును. జ్వరాదులచే ఖర్చు పెరుగును. రక్తములో ప్రాణవాయువు త్వరితముగా పడిపోయి గుండె ఆగు ప్రమాదము కలదు.

అందుచే తలవైపు ఎత్తుచేసి పరుండబెట్టుదురు. బయటి గాలి కలియకుండ ముసుగును ముఖమునకు బిగువుగా అమర్చుదురు. ఒత్తిడితో వాయువును పంపు ముసుగు ముడుచుకొన్న గోళములను తెరచును. అమెరికాలో 1,301 మంది రోగులపై జరిగి 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో, సాధారణపు ముసుగు పెట్టినవారిలో నూటికి 18.5 మందికి ప్రాణవాయు ప్రమాణము 85 శాతమునకు దిగువకు పడిపోగా, ఒత్తిడి ముసుగు పెట్టినవారిలో అట్లు జరిగినది 9.1 మందికే. అయితే వాంతులగుచున్న రోగికి ఇది తగదు. కలవరపడి ముసుగును లాగివేయు రోగికి, ఊపిరి ఆగని రీతిని కొలది మందిచ్చి శాంతపరచి, పిమ్మట ప్రాణవాయువు నిత్తురు.

వాకిట నిలిచిన బంధువులకు ఈ నిమిషములు ఆలస్యముగా తోచుట సహజము. కాని అవి వృథాగా గడచునవి కావు. రాబోవు ఊపిరిలేని నిమిషములకై కూడబెట్టు గింజలు.