తాబేళ్ల రేవు గ్రాండ్ రివియేర్

ట్రినిడాడ్ దీవి ఉత్తర తీరంలో, అడవి కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుక్కున్న చిన్న పల్లె గ్రాండ్ రివియేర్. ఒకప్పుడు కోకో తోటల మీద బతికిన ఊరు. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి టోకో మీదుగా కారులో సుమారు మూడు గంటల దారి, అన్నీ మలుపులే. పెద్ద రిసార్టులు లేవు, కొన్ని చిన్న బసలు మాత్రం ఉన్నాయి.

ఈ ఊరికి పేరు తెచ్చింది లెదర్‌బ్యాక్ తాబేలు. దీని వీపు మీద గట్టి డిప్ప ఉండదు, నల్లని తోలే ఉంటుంది. మన కోస్తాకు వచ్చే ఆలివ్ రిడ్లే యాభై కిలోలు తూగడం కష్టం. ఇది మూడు, నాలుగు వందల కిలోలు అవలీలగా తూగుతుంది. మార్చి నుంచి ఆగస్టు వరకు ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకెక్కుతాయి. వెనక తెడ్డుకాళ్లను దోసిలిలా ముడిచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడి పోస్తాయి. కంటితో చూడకుండానే కూజా ఆకారంలో గుంట తయారవుతుంది. అందులో సుమారు ఎనభై గుడ్లు పెడతాయి. ఆ సేపు కళ్ల నుంచి జిగురు నీరు కారుతుంది. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే ఏర్పాటు.

తీరం కిలోమీటరుకు మించదు. రద్దీ రాత్రుల్లో ఒక తాబేలు పెట్టిన గుడ్లను మరొకటి తవ్వేస్తుంది. పక్కనే ఉన్న ఏరు దారి మార్చుకుని గూళ్లను కోసేస్తుంది. 2012లో ఆ ఏటిని మళ్లించడానికి దించిన యంత్రాల కింద గుడ్లు, పిల్లలు పెద్ద సంఖ్యలో నలిగిపోయాయి. తొందరపాటు సాయం ఏటికన్నా ఎక్కువ చేటు చేసింది.

సీజన్‌లో రాత్రి తీరం మీదికి వెళ్లాలంటే అనుమతి పత్రం ఉండాలి, ఊరి గైడు వెంట రావాలి. తెల్ల లైటు వెలిగిస్తే తల్లి బెదిరి వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. అందుకే గైడు చేతిలో ఎర్ర లైటే ఉంటుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాకే దగ్గరికి రానిస్తారు. అప్పటికది ఒక రకమైన మైకంలో ఉంటుంది.

తెల్లవారుజామున కొండవైపు నడిస్తే పావి కనిపించవచ్చు. నల్లని ఒళ్లు, నీలి గొంతు తిత్తి ఉన్న ఈ అడవి పక్షి ప్రపంచంలో ట్రినిడాడ్‌లో తప్ప మరెక్కడా లేదు. మాంసం కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. ఇప్పుడు చట్టం కాపాడుతోంది.

తాబేలు గుడ్లు పిల్లలు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాబట్టి తల్లినీ పిల్లల్నీ ఒకే ప్రయాణంలో చూడాలనుకునేవారు జూన్‌లో వెళ్లాలి.