హెడ్ గాస్కెట్టు మార్పు: బిగింపులో కొలత, నీటిలో శుభ్రత

నెల్లూరు తీరప్రాంతమున సేద్యము చాలవరకు ఇంజను మీదనే నడచుచున్నది. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మాగాణులలో దమ్ముకు ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు వచ్చినవి. సముద్రపుటొడ్డున రొయ్యల గుంటలలో కరెంటు పోయిన వేళ ఏరియేటర్లను తిప్పుటకు జనరేటరు కావలెను. కోతల అదనులో హార్వెస్టరు ఆగినచో పండిన పైరు చేలోనే నిలిచిపోవును. అర్ధరాత్రి జనరేటరు ఆగినచో గుంటలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారకముందే రొయ్యలకు ప్రాణాపాయము కలుగును.

ఇట్లు అదను చెరచెడి లోపములలో హెడ్ గాస్కెట్టు కాలిపోవుట ఒకటి. క్రొత్త గాస్కెట్టు వేసి బోల్టులు బిర్రుగా బిగించినచో పని అయిపోయినదని చాలమంది తలంతురు. అది సగము పని మాత్రమే. పాత గాస్కెట్టు ఎందుకు పోయినదో కనుగొనవలెను. క్రొత్తదానిని చేతి అంచనాతో కాక కొలతతో బిగించవలెను. ఈ రెండును జరుగనిచో కొలది దినములలోనే అదే ఖర్చు తిరిగి వచ్చును.

గాస్కెట్టు చేయు పని

ఇంజను బ్లాకుకును, దానిపై మూతవలె నుండు హెడ్డుకును నడుమ నుండు పలుచని పొరయే హెడ్ గాస్కెట్టు. సిలిండరులో మండెడి వాయువు, చుట్టును తిరుగు నీరు, పైకెక్కు ఆయిలు ఒకదానితో నొకటి కలియకుండ ఇది అడ్డుపడును.

దీనిపై పడు బలమెంతో చూడుడు. 100 మిల్లీమీటర్ల వ్యాసముగల సిలిండరు వైశాల్యము సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. మండునపుడు ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 100 కిలోల ఒత్తిడి యున్నదనుకొన్నచో, హెడ్డును పైకెత్తు బలము 7,850 కిలోలు. టర్బో వలన ఆ ఒత్తిడి 140 కిలోలైనచో, ఎత్తు బలము సుమారు 11 టన్నులగును. ఇది ఒక్క సిలిండరు లెక్క.

టర్బో అనగా బయటకు పోవు పొగ వేగముతో చిన్న చక్రమును త్రిప్పి, ఇంజనులోనికి ఎక్కువ గాలిని కూరెడి సాధనము. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లో దీనికి పేటెంటు పొందెను. గాలి పెరిగినచో ఎక్కువ డీజిలు మండి బలము పెరుగును. దానితోపాటు వేడియు, ఒత్తిడియు పెరుగును. నిమిషమునకు 650 చుట్లు తిరిగెడి పాత ఆయిలింజనుకు చాలిన చేతి అంచనా, టర్బో ఇంజనుకు చాలదు.

గుర్తించుట ఎట్లు?

బయట ఎక్కడను కారకుండగనే రేడియేటరులో నీరు తగ్గుట, ఇంజను నడచుచుండగా నీటిలో ఎడతెగని బుడగలు వచ్చుట, తెల్లని పొగ ఆగకపోవుట, ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగునకు మారుట ఇందుకు గుర్తులు. వీనిలో ఏది కన్పించినను ఇంజనును వెంటనే ఆపవలెను. సిలిండరులో నీరు నిండియుండగా స్టార్టు చేసినచో కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చును. ఇంజను వేడిగానున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. మరిగిన నీరు ఎగజిమ్మి ముఖము కాల్చును.

తీరప్రాంతపు శత్రువు ఉప్పునీరు

గాస్కెట్టు దానంతట అది పోవుట అరుదు. ఇంజను అతిగా వేడెక్కి హెడ్డు వంగుటయే ముఖ్య కారణము. తీరమున పలుచోట్ల బోరునీరు ఉప్పన. రేడియేటరు తగ్గినపుడు చేతికందిన ఆ నీటినే పోయుట మనకు అలవాటు. నీటిలోని సున్నము లోపల గారవలె పేరుకొని వేడిని బయటకు పోనీయదు. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియము హెడ్డును నీటిదారుల అంచులవద్ద తినివేయును. గుంతలుపడిన ఆ అంచుపై ఎంత మంచి గాస్కెట్టైనను ఆనదు.

కావున ఇంజను తయారీదారు చెప్పిన కూలంటునే, డబ్బాపై వ్రాసిన పాలులో డిస్టిల్డు వాటరుతో కలిపి పోయవలెను. కూలంటు విషము, తియ్యగా నుండుటచే పశువులు, కుక్కలు త్రాగు ప్రమాదమున్నది. తీసిన పాత కూలంటును, ఆయిలును కాలువలోగాని, గుంట గట్టునగాని పారబోయరాదు.

రేడియేటరు రెక్కలలో చిక్కిన పొట్టు, వదులైన ఫ్యాను బెల్టు, పనిచేయని థర్మోస్టాటు, చెడిన నీటి పంపు, పట్టు సడలిన రేడియేటరు మూత కూడ వేడికి కారణములే. హెడ్డు విప్పినపుడే వీనినన్నిటిని పరీక్షించవలెను.

విప్పునపుడు

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగ తీసి, నీరు, ఆయిలు దింపవలెను. టర్బో గొట్టములను, ఇంజెక్టరు పైపులను విప్పిన వెంటనే వాని నోళ్లకు శుభ్రమైన మూతలు పెట్టవలెను. ఇసుక రేణువొకటి లోనికి పోయినను టర్బో చక్రము చెడును. పుష్‌రాడ్లను ఏ స్థానమునుండి తీసినవో ఆ వరుసలోనే ఉంచవలెను. హెడ్డు బోల్టులను చివరలనుండి మధ్యకు, కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. ఒకవైపే విప్పినచో హెడ్డు వంగును.

50 హెచ్.పి. మించిన ట్రాక్టర్లకు 2023 జనవరినుండి ట్రెమ్-4 పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఇట్టి వానిలో కామన్‌రైలు పద్ధతిగల ఇంజన్లయందు డీజిలు ఒత్తిడి మిక్కిలి ఎక్కువ. వానిని శిక్షణ పొందిన మెకానిక్కుచేతనే విప్పించవలెను.

అతుకుకొన్న పాత గాస్కెట్టును ప్లాస్టిక్కు లేక కొయ్య బద్దతో తీయవలెను; గరుకు రాతితో రుద్దరాదు. పూర్వపు గాస్కెట్టులు కొన్నిటిలో రాతినార యుండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని గనుక తడిపి తీయవలెను. పిదప హెడ్డుపై స్ట్రెయిట్ ఎడ్జు బద్దను నిలువుగను, అడ్డముగను, మూలనుండి మూలకును ఉంచి, సందులో ఫీలరు గేజి దూర్చి చూడవలెను. పలు ఇంజన్లలో 0.1 మిల్లీమీటరు వంపే హద్దు. కొన్నిటిలో ఇంకను తక్కువ. హద్దు మించినచో హెడ్డును మెషిను షాపుకు పంపి, పగుళ్లు చూపించి, చదును చేయించవలెను.

కొలతతో బిగించుట

బ్లాకులోని బోల్టు రంధ్రములను పూర్తిగా తుడువవలెను. అడుగు మూసియున్న రంధ్రములో నీరుగాని ఆయిలుగాని మిగిలినచో, బోల్టు దిగునపుడు అది దారిలేక బ్లాకును పగులగొట్టగలదు. గాస్కెట్టు మందము ఇంజనుకు తగినదో కాదో, దానిపై గల గుర్తు పైకి నున్నదో లేదో చూడవలెను. పుస్తకము చెప్పనిదే ఏ జిగురును పూయరాదు.

బిగించు బలమును టార్కు రెంచితో కొలుతురు. 1 మీటరు పొడవు పిడి చివర 10 కిలోల బరువు వ్రేలాడదీసినచో కలుగు తిప్పుడు బలము సుమారు 98 న్యూటన్ మీటర్లు. పిడి అరమీటరే అయినచో అదే బలమునకు 20 కిలోలు కావలెను. కావుననే స్పానరు మారినకొలది చేతి అంచనా మారిపోవును.

మరియొక సంగతి. మనము పెట్టు బలములో పదింట తొమ్మిదివంతులు బోల్టు తలక్రింద, మరలలో రాపిడికే పోవును. సుమారు ఒక వంతే హెడ్డును నొక్కును. త్రుప్పు పట్టిన బోల్టు రెంచిలో కొలత చూపినను హెడ్డును సరిగా నొక్కదు. మరలు శుభ్రముగా నుండవలెను. పుస్తకము చెప్పినచో పలుచగా ఆయిలు రాయవలెను. సాగు స్వభావముగల బోల్టులను తిరిగి వాడరాదు.

బిగింపు మధ్యనుండి మొదలై చుట్టుచుట్టుగా చివరలకు పోవలెను. ఒక్కసారిగా కాక, మూడు దఫాలుగా బలము పెంచవలెను. పెక్కు నేటి ఇంజన్లలో చివరి దఫా బలముతో కాక కోణముతో జరుగును. బోల్టు తలపై రంగు చుక్క పెట్టి, 90 డిగ్రీలనగా పాతిక చుట్టు త్రిప్పుదురు. బలము, కోణము, వరుస ఇంజను ఇంజనుకు మారును. పొరుగు ట్రాక్టరు లెక్కను మీ ట్రాక్టరుకు వాడరాదు. రెంచి టక్కుమన్న వెంటనే ఆపవలెను; దానితో బోల్టులు ఊడదీయరాదు; పని ముగిసిన పిమ్మట దాని స్ప్రింగును కనిష్ఠ అంకెకు వదలి దాచవలెను.

మొదటి స్టార్టు

వాల్వు సందులు సరిచూచి, క్రొత్త ఆయిలు, ఫిల్టరు, కూలంటు వేసి, గాలి పూర్తిగా తీయవలెను. టర్బో ఆయిలు దారిలో కొంచెము శుభ్రమైన ఆయిలు పోసి, డీజిలు అందనీయక ఇంజనును త్రిప్పి, ఆయిలు ఒత్తిడి వచ్చిన పిమ్మటనే స్టార్టు చేయవలెను. వేడెక్కువరకు భారము పెట్టరాదు. మరల బిగించుట పుస్తకము చెప్పినచోనే చేయవలెను. ప్రతిదినము పని ముగిసిన పిదప కొద్ది నిమిషములు నెమ్మదిగా నడిపి ఆపినచో టర్బో చిరకాలము నిలుచును.

గ్రామమున చేయదగినది

ప్రతి రైతు టార్కు రెంచి కొననక్కరలేదు. యంత్రములు అద్దెకిచ్చు సంఘముగాని, కొందరు రైతులు కూడిగాని ఒక మంచి రెంచి, ఒక స్ట్రెయిట్ ఎడ్జు, ఫీలరు గేజి, గ్రామములోని ఇంజన్ల సర్వీసు పుస్తకములు ఒకచోట ఉంచుకొనవచ్చును. గ్రామ వ్యవసాయ సహాయకులు ఊరి మెకానిక్కులను పిలిచి, అదను రాకముందే ఈ పనిని చేసి చూపించు ఏర్పాటు చేయవలెను. రైతు నేడే చేయదగిన పని యొకటున్నది: రేడియేటరు చెంత నుండు బోరునీటి బిందెను తీసివేసి, ఒక డబ్బా కూలంటు పెట్టుకొనుట.