అమ్మ దగ్గు.. 99 డాలర్ల డక్ట్ క్లీనింగ్

కిందటి నవంబరులో ఆ ఏడాదికి మొదటిసారి హీటింగ్ ఆన్ చేసిన రోజు ఇల్లంతా ఏదో మాడిన వాసన. "పొయ్యి మీద ఏమైనా మర్చిపోయామా?" అంటూ అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఎండాకాలమంతా ఫర్నేస్ లోపల పేరుకున్న దుమ్ము కాలుతున్న వాసన అది. గంటలో పోయింది. ఆ వారంలో మొదలైన అమ్మ దగ్గు మాత్రం పోలేదు.

మేముండేది న్యూజెర్సీలో. పదేళ్లు అపార్ట్‌మెంట్లలో గడిపి, ఆ వేసవిలోనే 1962లో కట్టిన ఇల్లు ఒకటి కొనుక్కున్నాం. గోడలన్నిటికీ తెల్ల రంగు వేయించాం. అమ్మ సెప్టెంబరులో తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చింది. హీటింగ్ మొదలయ్యేసరికి ఆవిడ గదిలో వెంట్ చుట్టూ కొత్త రంగు మీద నల్లటి చారలు కనిపించాయి. "ఈ కన్నంలోంచి వచ్చే గాలే నాకు పడట్లేదేమోరా" అంది అమ్మ.

విజిటర్ ఇన్సూరెన్స్ ఉన్నా, వచ్చిన అమ్మకు ఇక్కడ ఏదైనా అయితే ఎలా అన్న భయం మనందరికీ తెలిసిందే. రాత్రి రెండింటికి పక్క గదిలోంచి దగ్గు వినిపిస్తుంటే మనసు మనసులో ఉండదు. అలాంటి రోజుల్లోనే పోస్టులో వచ్చిన కూపన్ల కవరులో ఓ కాగితం కంటబడింది. ఇల్లు మొత్తానికి డక్ట్ క్లీనింగ్, 99 డాలర్లు. వెంటనే ఫోన్ చేశాను.

ఇరవై నిమిషాల్లో 'బ్లాక్ మోల్డ్'

శనివారం పొద్దున ఇద్దరు వచ్చారు. చేతిలో గ్యారేజీలో కార్లు తుడుచుకునే వ్యాక్యూమ్ లాంటిది ఒకటి. రెండు వెంట్‌ల జాలీలు ఊడదీసి, గొట్టం మూరెడు లోపలికి పెట్టి తీశారు. ఇరవై నిమిషాలు తిరగకుండానే ఒకతను ఫోన్ తెచ్చి ఫొటో చూపించాడు. గొట్టం లోపల నల్లగా, బూజు బూజుగా ఉంది. "ఇది బ్లాక్ మోల్డ్. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కదా, చాలా ప్రమాదం. మందు కొట్టి మొత్తం శుభ్రం చేయాలి. 1,850 డాలర్లు. ఈరోజే ఒప్పుకుంటే 300 తగ్గిస్తాం" అన్నాడు.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి అమ్మ దగ్గింది. నా చెయ్యి జేబులోని పర్సు మీదకు వెళ్లిపోయింది.

ఆపింది మా ఆవిడ. "ఏమండీ, ఆ ఫొటో ఇంకోసారి చూపించమనండి" అంది. చూశాను. ఫొటోలో ఉన్నది గుండ్రంగా, ముడతలు ముడతలుగా ఉండే వెండి రంగు గొట్టం. బేస్‌మెంట్‌లో తల పైకెత్తితే కనిపించే మా డక్టులు మాత్రం పలకలుగా ఉండే రేకు పెట్టెలు. మా ఇంట్లో అలాంటి గుండ్రటి గొట్టమే లేదు. "ఈ ఫొటో ఏ వెంట్‌లో తీశారో చూపించండి, నేనూ తీస్తాను" అన్నాను. టైమ్ లేదన్నాడు. 99 డాలర్లు తీసుకుని వెళ్లిపోయారు.

రోజూ ఆఫీసులో లాగ్ చూడకుండా బగ్ ఎక్కడుందో చెప్పొద్దని కుర్రాళ్లకు చెప్పేవాణ్ని, అమ్మ విషయానికొచ్చేసరికి ఎవరో చూపించిన ఫొటోను నమ్మేయబోయాను.

ఈపీఏ ఏమంటోంది?

ఆ రాత్రి కూర్చుని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఈ విషయం మీద ఇచ్చిన సమాచారం చదివాను. అందులో ఉన్నది సూటిగా ఇదీ: డక్టులు శుభ్రం చేయిస్తే జబ్బులు రాకుండా ఆగుతాయని ఇప్పటిదాకా రుజువు కాలేదు. డక్టుల్లో దుమ్ము ఉన్నంత మాత్రాన ఇంటి గాలిలో దుమ్ము పెరుగుతుందనీ గట్టిగా తేలలేదు. ఎందుకంటే ఆ దుమ్ములో చాలా భాగం రేకుకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. అందుకే ఏటా, రెండేళ్లకోసారి అంటూ చేయించమని ఈపీఏ చెప్పదు. అవసరమైతేనే చేయించమంటుంది.

ఆ అవసరాలు ముఖ్యంగా మూడు. డక్టు లోపల లేదా ఫర్నేస్, ఏసీ భాగాల మీద కంటికి కనిపించేంత బూజు పట్టినప్పుడు. ఎలుకలో పురుగులో కాపురం పెట్టినప్పుడు. గొట్టాలు దుమ్ముతో, చెత్తతో పూడుకుపోయి, అది వెంట్‌లలోంచి గదుల్లోకి రాలుతున్నప్పుడు. బూజు విషయంలో ఇంకో మాట కూడా ఉంది. చూడటానికి బూజులా ఉన్నంత మాత్రాన అది బూజు కాదు, నమూనా ల్యాబ్‌కు పంపితేనే తెలుస్తుంది. తేమ ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ పడుతుంది. ఎవరైనా తమకు 'ఈపీఏ సర్టిఫికెట్' ఉందని చెబితే అది అబద్ధమే, డక్ట్ క్లీనింగ్ కంపెనీలకు ఈపీఏ సర్టిఫికెట్లు ఇవ్వదు.

మా ఇంట్లో కనిపించింది

మర్నాడు టార్చిలైటు, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే దిగాను. ఫర్నేస్ గాలిని వేడిచేసి ఒక వరుస డక్టుల్లోంచి గదుల్లోకి పంపుతుంది. గదుల్లో గాలిని ఇంకో వరుస డక్టుల్లోంచి వెనక్కి లాక్కుంటుంది. వెనక్కి వచ్చే దారిలో, ఫర్నేస్‌కు ముందు ఫిల్టర్ ఉంటుంది. అంటే డక్టుల్లోకి చేరే మురికి చాలావరకు మన ఇంట్లోదే.

మొదట ఫిల్టర్ లాగి చూశాను. దాన్ని పెట్టే చోటు 20 అంగుళాల వెడల్పు ఉంది. పాత ఇంటివాళ్లు పెట్టింది 16 అంగుళాలది. మిగిలిన నాలుగంగుళాల సందులోంచి గాలి దర్జాగా ఫిల్టర్‌ను తప్పించుకుని పోతోంది. నేను కూడా పాతదాని మీదున్న సైజు చూసి అదే కొని పెట్టాను!

తర్వాత రిటర్న్ దారి. పాత ఇళ్లలో ఖర్చు తగ్గుతుందని నేల కింది చెక్క దూలాల మధ్య ఖాళీకి అడుగున రేకు కొట్టి, దాన్నే డక్టుగా వాడేవారు. మాదీ అంతే. ఒకచోట ఆ రేకు ఊడి వేలాడుతోంది. దాని కిందే బట్టల డ్రైయర్. డ్రైయర్ నూగు, బేస్‌మెంట్ మట్టివాసన అన్నీ అందులోంచే పైకి వస్తున్నాయి. మామూలు ఇళ్లలో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్లే పోతుందని ఎనర్జీ స్టార్ చెబుతుంది. మా ఇల్లు ఆ లెక్కకు తక్కువేం కాదు.

హాల్లో పెద్ద జాలీ ఊడదీసి ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీస్తే అసలు సంగతి బయటపడింది. తెల్లటి పొడి, చెక్క రజను. ఇల్లు అమ్మకానికి పెట్టేముందు వాళ్లు నేల చెక్కను గీకించి, గోడలకు ప్యాచీలు వేయించారు. ఆ పని జరుగుతున్నంతసేపూ వెంట్‌లు మూసినట్టు లేరు. ఓ మూల ఎలుక పెంటికలు. అంటే 1,850 డాలర్లు అడిగినతను చెప్పిన కారణం తప్పు. కానీ మా డక్టులకు క్లీనింగ్ నిజంగానే అవసరం!

పాత ఇళ్లలో ఆస్బెస్టాస్

ఇంకొకటి కూడా కనిపించింది. డక్టుల అతుకుల మీద కాగితంలా, గుడ్డలా ఉన్న తెల్లటి టేపు. గోటితో గీకి చూద్దామనుకున్నాను. గీకకపోవడమే నా అదృష్టం. 1970ల దాకా కట్టిన ఇళ్లలో డక్టుల అతుకులకు, గొట్టాల చుట్టూ తొడుగులకు ఆస్బెస్టాస్ కలిసిన సరుకు వాడటం మామూలే. చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం దానివల్ల ముప్పు తక్కువ. చింపినా, గీకినా, బ్రష్ పెట్టి అదిలించినా కంటికి కనిపించని దారాలు గాలిలో కలుస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు కూడా దారితీయొచ్చు. శిక్షణ ఉన్న మనిషిని పిలిపించి నమూనా తీయించాం. ఆస్బెస్టాస్ ఉందనే తేలింది. లైసెన్సు ఉన్న కంపెనీతో ముందు ఆ పని పూర్తి చేయించి, ఆ తర్వాతే క్లీనింగ్ వాళ్లను పిలిచాం. 99 డాలర్లవాళ్లు నిజంగా బ్రష్‌లు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అసలైన క్లీనింగ్ ఎలా ఉంటుంది?

ఈసారి డక్ట్ క్లీనింగ్ కంపెనీల సంఘం నాడ్కాలో సభ్యత్వం ఉన్నవాళ్లను ముగ్గురిని అడిగి, రాతపూర్వకంగా కొటేషన్లు తీసుకున్నాం. 780 డాలర్లకు కుదిరింది. ఒక్కో హీటింగ్ కూలింగ్ సిస్టమ్‌కు 450 నుంచి 1,000 డాలర్ల దాకా కావచ్చని ఈపీఏ చెప్పిన లెక్కలోనే ఉంది.

ఇంటి ముందు ట్రక్కు ఆపి, కాలు పట్టేంత లావు గొట్టాన్ని బేస్‌మెంట్‌లోకి దించి ఫర్నేస్ పక్కనున్న ప్రధాన డక్టుకు బిగించారు. మిగతా వెంట్‌లన్నీ మూసేశారు. లోపలి గాలినంతా ఆ గొట్టం బయటికి లాగేస్తుంటే, ఒక్కో వెంట్ తెరిచి గాలి కొరడాలతో, తిరిగే బ్రష్‌లతో మురికిని వదిలించారు. వదిలిన దుమ్ము గదిలోకి రాకుండా ట్రక్కులోకి పోయింది. డక్టులతో ఆగకుండా బ్లోయర్, ఏసీ కాయిల్ కూడా శుభ్రం చేశారు. ఇవి వదిలేస్తే సగం పనే అయినట్టు. పని కోసం రేకుకు పెట్టిన కన్నాలను మళ్లీ రేకుతోనే మూసి సీల్ చేశారు. ఇద్దరికి ఐదు గంటలు పట్టింది. చివర్లో, నేను తీసిన వీడియో ఉన్నచోటే కెమెరా పెట్టి నాకు చూపించారు.

"మందేమైనా కొడతారా?" అని అడిగాను. "మీకు అవసరం లేదు" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో ఆ మనిషి మీద నమ్మకం కలిగింది. ఊడిన రేకును బిగించి, అతుకులకు మాస్టిక్ పూయించాం. పేరు డక్ట్ టేపే అయినా, గుడ్డతో చేసిన ఆ టేపు డక్టుల మీద ఎక్కువకాలం నిలవదని ఆయనే చెప్పాడు.

అయినా దగ్గు తగ్గలేదు

డక్టులు అద్దంలా ఉన్నాయి. అమ్మ మాత్రం దగ్గుతూనే ఉంది. తుడిచిన గోడ మీద నెల తిరక్కుండానే మళ్లీ పల్చగా నల్లచారలు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని, గొంతు బాగా ఎండిపోయిందని చెప్పి, ఇంట్లో పొగ ఏమైనా ఉంటుందా అని అడిగారు.

అప్పుడు వంటింటి వైపు చూశాం. పొయ్యి మీద హుడ్ ఉంది. కానీ దానికి బయటికి దారి లేదు. పొగను పీల్చి, ఓ జాలీలోంచి పోనిచ్చి, మళ్లీ మన మొహం మీదకే వదులుతుంది. రోజూ పోపులు, అమ్మ చేసే కాకరకాయ వేపుడు, చేపల వేపుడు, పొద్దున అగరబత్తీలు, శుక్రవారం సాంబ్రాణి. చలికని కిటికీలన్నీ బిగించేశాం. ఆ సన్నటి మసే గాలితో తిరిగి తిరిగి, వెంట్‌ల దగ్గర గోడకు అంటుకుంటోంది. తేమ కొలిచే చిన్న మీటరు కొనిపెడితే 18 శాతం చూపించింది. 30 నుంచి 50 మధ్య ఉండాలంటుంది ఈపీఏ.

ఈ సంగతులు నేను మా ఆవిడతో చెబుతుంటే అమ్మ విన్నట్టుంది. మర్నాటినుంచి దేవుడి దగ్గర దీపం లేదు, అగరబత్తి లేదు. వేపుళ్లు మానేసి అన్నీ ఉడకబెడుతోంది. మూడో రోజుకు గానీ నేను గమనించలేదు. అడిగితే, "నా వల్లే కదరా మీ కొత్తిల్లు నల్లబడింది" అంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. వేల మైళ్ల దూరం నుంచి వచ్చి మాకు వండిపెడుతున్న మనిషి, మా గోడల కోసం దేవుడికి దీపం పెట్టడం మానేసింది!

"తెనాలిలో ఇంతకంటే ఎక్కువ పొగే వచ్చేది కదమ్మా" అన్నాను. "అక్కడ పోపు ఘాటు వస్తే పెరటి తలుపు తీసేదాన్ని. ఇక్కడ తీయడానికి తలుపేదిరా?" అంది. నెలన్నరగా నేను వెతుకుతున్న సమాధానం అదే.

ఆ వారంలోనే గోడకు కన్నం పెట్టించి, పొగ బయటికి పోయే హుడ్ బిగించాం. సరైన సైజు ఫిల్టర్, మా పాత బ్లోయర్ తట్టుకోగలదని టెక్నీషియన్ చెప్పిన మెర్వ్ 11ది పెట్టాం. అమ్మ గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 35 శాతానికి తెచ్చాం. పూజ అయ్యేదాకా పక్క కిటికీ బెత్తెడు తెరిచి ఉంచుతాం. సంక్రాంతి నాటికి దగ్గు బాగా తగ్గింది. ఇందులో ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను. గోడ మీద చారలు మాత్రం మళ్లీ రాలేదు.

ఫోన్ చేసే ముందు..

పాత ఇల్లు కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు ఇవి చూసుకోండి.

• ముందు ఫిల్టర్ సైజు, దాన్ని పెట్టే చోటు సైజు రెండూ కొలవండి. ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చండి.

• వెంట్ జాలీ ఊడదీసి ఫోన్‌తో మీరే వీడియో తీయండి. కంపెనీవాళ్లు చూపించే ఫొటో మీ ఇంటిదేనా అని ఆ వీడియోతో పోల్చుకోండి.

• 1980కి ముందు కట్టిన ఇల్లయితే డక్టుల మీది తెల్ల టేపును ముట్టుకోవద్దు. ముందు పరీక్ష చేయించండి.

• లోపల ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న డక్టు తడిసి బూజు పడితే శుభ్రం చేయడం కుదరదు, మార్చాల్సిందే. అలాంటి డక్టుల్లో మందు కొడతామంటే ఒప్పుకోకండి.

• డక్ట్ క్లీనింగ్ చేయించాం కదా అని ఫర్నేస్ తనిఖీ మానేయొద్దు. అది ఏటా వేరుగా చేయించాలి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

• డ్రైయర్ గొట్టం వేరు, డక్టులు వేరు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్కల్లో ఇళ్లలో డ్రైయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయి. శుభ్రం చేయకపోవడమే వాటికి ముఖ్య కారణం. డ్రైయర్ గొట్టాన్ని మాత్రం తప్పకుండా శుభ్రం చేయించండి.

• వంటింటి హుడ్ పొగ బయటికి పోతోందో లేదో, బయట గోడ దగ్గర నిలబడి చూడండి.

అమ్మ మార్చిలో తెనాలి వెళ్లిపోయింది. ఆదివారం వీడియో కాల్‌లో పిల్లల చదువులు, వంటలు అన్నీ అయ్యాక ఇప్పుడు కొత్తగా ఓ ప్రశ్న చేరింది. "ఒరే, ఆ ఫిల్టరు మార్చావా?"